వెనుక వరుసవారి సంగీతము

పెండ్లి ఊరేగింపులలో బ్యాండు మేళమును మీరందఱు చూచియే యుందురు. ముందు వరుసలో క్లారినెట్టు వాయించువాడు, వాని ప్రక్కన బాకా ఊదువాడు నడతురు. జనుల చూపులన్నియు వారిమీదనే. సంతోషించి ఎవరైన నోటు చదివించినను అది వారికే చెందును. వెనుక వరుసలో పెద్ద ఇత్తడి గొట్టమును భుజమునకు తగిలించుకొని, బుగ్గలు పూరించి, "భుం, భుం" అని ఊదుచు నడచువాడు ఒకడుండును. పిల్లలు తప్ప వాని వంక చూచువారు లేరు. వాడు పాట వాయించుట లేదు. పాట నిలుచుటకు నేల పఱచుచున్నాడు. వాడు మానినచో పాటకు అడుగు లేకపోవును. అయినను వాడు వాయించునంతసేపు వానిని తలచువారుండరు. నేటి నా ప్రసంగము ఆ వెనుక వరుసవానిని గూర్చి, వానికి తగిన సంగీతమును సమకూర్చు పనిని గూర్చి.

నేను బ్రతుకుతెరువు నిమిత్తమై జర్మనీ దేశమున ఒక చిన్న పట్టణమున కొన్ని సంవత్సరములు నివసించితిని. ఆ దేశమున ప్రొటెస్టెంటు దేవాలయములకు అనుబంధముగ ఇత్తడి వాద్యబృందములు అనేక గ్రామములలో నున్నవి. వానిని ఆ భాషలో "పొజౌనెన్‌కోర్" అందురు. ట్రాంబోనుల మేళమని దాని యర్థము. అందు వాయించువారిలో పెక్కుమంది వృత్తి విద్వాంసులు కారు. వడ్రంగియు, బడిపంతులును, రైతును సాయంకాలము పని ముగించుకొని వచ్చి ఒకచోట కూర్చుండి వాయింతురు. చిన్ననాట మన దేశమున బ్యాండులో ట్రాంబోను నేర్చినవాడ నగుటచే నన్నును వారు చేర్చుకొనిరి. ఆ బృందమున మంద్రస్థాయి వాయించువారము ఆఱుగురము: నలుగురు ట్రాంబోనువారు, ఒక యూఫోనియమువాడు, ఒక ట్యూబావాడు. ఒకనాడు వారు నాతో, "మంచి పాటలన్నియు పైస్థాయి బాకాలవారికే పోవుచున్నవి. నీకు స్వరము వ్రాయుట తెలియును గదా, మా ఆఱుగురికే సరిపడునట్లు ఒక పాత కన్చెర్టోను కూర్చి ఇమ్ము" అనిరి. తెలియక ఒప్పుకొంటిని. ఆ పనిలో నేను చేసిన తప్పులును, నేర్చినదియు మీకు మనవి చేసెదను.

ముందుగ కన్చెర్టో యనగా నేమో చెప్పవలయును. ఐరోపా సంగీత చరిత్రలో ఇంచుమించు 1600 మొదలు 1750 వఱకు గల కాలమును బరోకు కాల మందురు. ఇటలీ దేశపు వివాల్డి (1678–1741), జర్మనీ దేశపు బాహ్ (1685–1750) ఆ కాలపు రచయితలలో ప్రసిద్ధులు. కన్చెర్టో ఆ కాలమున వర్ధిల్లిన వాద్యరచన. దానికి సాహిత్యము లేదు. ప్రధాన వాదకు డొకడో, కొందఱో ఒక వైపునను, తక్కిన బృందము వేఱొక వైపునను ఉండి సంవాదము జరుపుదురు. మన కీర్తనలో పల్లవి మఱల మఱల వచ్చునట్లు, కన్చెర్టోలో బృందమంతయు కలిసి వాయించు ఖండమొకటి మఱల మఱల వచ్చును. నడుమ నడుమ ప్రధాన వాదకులు చరణములవలె తమ నేర్పు చూపుదురు. భేద మేమనగా, మన పల్లవి ఆధార షడ్జమును విడువదు. వారి పల్లవి వచ్చినప్పుడెల్ల వేఱొక మెట్టుమీద నిలిచి, తుదకు బయలుదేరిన ఇంటికి చేరును. సాధారణముగ భాగములు మూడు: మొదటిది వేగము, రెండవది విలంబము, మూడవది మఱల వేగము.

ఒక వాద్యమునకై వ్రాసిన రచనను వేఱొక వాద్యమునకు మార్చుట న్యాయమేనా యని మీ రడుగవచ్చును. ఆ దేవాలయమున ఆర్గను వాయించు పెద్దమనిషియు నన్ను అదే ప్రశ్న అడిగెను. దానికి సమాధానము బాహ్ జీవితముననే కలదు. వివాల్డి రచించిన 12 కన్చెర్టోల సంపుటము 1711లో ఆంస్టర్‌డాం నగరమున అచ్చుపడెను. బాహ్ వైమారు నగరమున కొలువుండిన దినములలో ఆ సంపుటములోని ఫిడేలు కన్చెర్టోలను కొన్నింటిని తీసికొని, ఒక్కడు రెండు చేతులతోను రెండు కాళ్లతోను వాయించు ఆర్గనునకు మార్చెను. తరువాత మఱియొక సమయమున, నాలుగు ఫిడేళ్ల కన్చెర్టోను నాలుగు హార్ప్సికార్డులకు మార్చెను. మార్చునపుడు శ్రుతిని సహితము ఒక మెట్టు దించెను. కావున ఈ మార్పు ఆ మహనీయుడు స్వయముగ నడచిన త్రోవయే.

మన దేశమున మాత్రము ఇది క్రొత్తయా? ఫిడేలు ఐరోపానుండి వచ్చిన వాద్యము. గొంతుతో పాడవలసిన కీర్తనను ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) గారు ఫిడేలుమీద వాయించునపుడు సాహిత్యము వినబడదు; అయినను కీర్తన పోయినదని ఎవ్వరును అనలేదు. పోవునదేదో, నిలుచునదేదో ఎఱిగి చేయుటయే ముఖ్యము.

నేను ఎంచుకొన్నది బాహ్ రచించిన బ్రాండెన్‌బర్గు కన్చెర్టోలలో ఆఱవది. అవి మొత్తము ఆఱు. 1721 మార్చి 24వ తేదీతో వానిని ఆయన బ్రాండెన్‌బర్గు ప్రభు వంశీయుడొకనికి అంకితమిచ్చెను. అప్పటి కాయన క్యోటెను నగరమున లియోపోల్డు ప్రభువు కొలువులో నుండెను. ఈ ఆఱవ దానిలో ఒక వింత కలదు: ఫిడేలు లేనే లేదు. తంత్రీవాద్యముల రాజ్యమున ఫిడేలు రాజు. దానికంటె కొంచెము పెద్దదై, క్రింది స్థాయిలో మ్రోగు వయోలా సామాన్యముగ నడుమ నుండి స్వరములు పూరించు సేవకురాలు. బాహ్ ఈ రచనలో రాజును పంపివైచి రెండు వయోలాలను ముందు కూర్చుండబెట్టెను. వియోలా ద గాంబా యను వాద్యము ఆనాడు గొప్పవారి ముద్దుబిడ్డ. లియోపోల్డు ప్రభువు తానే దానిని వాయించెడివాడు. దానికి ఈ రచనలో బాహ్ ఒప్పగించినది తఱుచుగ సులువైన తోడు పనియే. రెండు గాంబాలు, ఒక చెల్లో, అట్టడుగున వియోలోనె యను పెద్ద తంత్రీవాద్యము, స్వరములు పూరించుటకు హార్ప్సికార్డు: ఇదియే పరివారము. వెనుక వరుసవారిని ముందునకు తెచ్చిన రచన యగుటచే, ఇది మా ఆఱుగురి కొఱకే వ్రాసినట్లు నాకు తోచెను.

మఱి బాహ్ తానే ఇత్తడి వాద్యములకు ఇట్టి దేల వ్రాయలేదు? ఆనాటి బాకాకు రంధ్రములుగాని మీటలుగాని లేవు. పొడుగాటి గొట్టమును ఊదినప్పుడు సహజముగ పలుకు స్వరములే దానికి దక్కును. ఆ స్వరములు క్రిందిస్థాయిలో మిక్కిలి ఎడముగ నుండి, పైకి పోయినకొలది దగ్గరపడును. అందుచే వరుసగ స్వరములు పలుకవలెనన్న బాకావాడు మిక్కిలి పైస్థాయికి పోవలసియుండెను. మంద్రమున పూర్తి స్వరక్రమము పలుకగలిగిన ఇత్తడి వాద్యము ట్రాంబోను. 15వ శతాబ్దినుండియు అది వాడుకలో నున్నది. గొట్టములో గొట్టమును ముందునకు వెనుకకు జరుపుటచే అది స్వరము మార్చుకొనును. బాహ్ దానిని కొన్ని దేవాలయ గీతములలో గాయకుల గొంతులకు తోడుగ వాడెను. ఊదుగొట్టములకు ఒత్తు మీటలు 1815 ప్రాంతమున జర్మనీలో పుట్టెను. ట్యూబాకు 1835లో బెర్లినులో హక్కుపత్రము లభించెను. అనగా బాహ్ మరణించిన 85 సంవత్సరముల తరువాత.

ఇక నా తప్పులు. మొదటిమాఱు నేను చేసిన పని పని కాదు, నకలు మాత్రమే. ప్రతి స్వరమును ఉన్నదున్నట్లు ఎత్తి, అందఱిని ఒక స్థాయి క్రిందికి దించితిని. వయోలాలవి రెండును మొదటి ఇద్దఱు ట్రాంబోనువారికి, గాంబాలవి తక్కిన ఇద్దఱికి, చెల్లో పాత్ర మీటలుండి చుఱుకుగ పలుకు యూఫోనియమునకు, అడుగు స్వరము ట్యూబాకు ఇచ్చితిని. కాగితముమీద అది ముచ్చటగ నుండెను. వాయింప మొదలిడగానే బుఱద గుంటలో ఎద్దుల బండి దిగినట్లాయెను. స్వరములు ఒకదానిలో నొకటి కలిసి గరగరలాడెను. పాట ఎక్కడ నున్నదో తెలియలేదు. ఇంతలో రెండవ ట్రాంబోనువాడు ముఖమెల్ల ఎఱ్ఱబడి, నడుమ ఆపి, వాద్యమును ఒడిలో పెట్టుకొనెను. డెబ్బది యేండ్ల ట్యూబా ముసలివాడు నన్ను చూచి, "అయ్యా, నీవు వ్రాసినది చేతులున్నవారికి. మా కున్నవి ఊపిరితిత్తులు" అనెను.

ఆ మాటతో నా కన్నులు తెఱచుకొనెను. ఫిడేలు కమాను ఇటు పోయి అటు వచ్చును, పాట తెగదు. ఫిడేలు వాయించుచు మనిషి ఊపిరి పీల్చుకొనవచ్చును, విడువవచ్చును. ఊదువానికి ఊపిరియే కమాను. అది ఒకవైపే పోవును; తిరిగి తెచ్చుకొనుటకు పాట ఆగవలెను. పైగా వాద్యము పెద్దదైనకొలది గాలి ఖర్చు ఎక్కువ. ట్రాంబోను గొట్టమును సాగదీసి కొలిచినచో 9 అడుగులు. ట్యూబా గొట్టము దాని జాతిని బట్టి 12 మొదలు 18 అడుగుల వఱకు నుండును. అట్టడుగు స్వరమును బిగ్గరగ ఊదినచో నిండు ఊపిరి కొద్ది క్షణములకే చెల్లిపోవును. బాహ్ వయోలాలకు వ్రాసిన వరుసలు ఆగక సాగుచునే యుండును. ఇట్లు వ్రాసి ఇచ్చితి నన్నచో, ఆ మనుష్యుల ప్రాణముమీద నేను సంగీతము కట్టితి నన్నమాట.

కావున మఱల మొదటినుండి మొదలిడితిని. మొదట కాగితముమీద స్వరములు వ్రాయలేదు. ఊపిరి తీయవలసిన తావులను గుర్తించితిని. పొడుగాటి వరుస నొక్కని నెత్తిన పెట్టక, ఇద్దఱికి పంచితిని. ఒకడు విడుచు స్వరమునే రెండవవాడు అందుకొని మొదలిడును. ఒక్క రోటిలో ఇద్దఱు స్త్రీలు రోకళ్లు వేయునపుడు ఒకదానికొకటి తగులక, దంపు ఆగక ఎట్లు సాగునో, అట్లే పాట ఆగక సాగును. ఇద్దఱికిని ఊపిరి దక్కును. ట్యూబావాని పొడుగు స్వరములను సగమునకు తగ్గించి, తక్కిన సగమును నిశ్శబ్దముగ విడిచితిని. విశాలమైన దేవాలయమున ఆ నిశ్శబ్దమును ప్రతిధ్వని పూరించును. వినువారికి లోటు తెలియదు.

రెండవ పాఠము బుఱదను గూర్చినది. పైస్థాయిలో రెండు స్వరములు దగ్గర దగ్గరగ మ్రోగినను చెవి వానిని వేఱుపఱచుకొనగలదు. మంద్రమున అంత దగ్గరగ మ్రోగినచో అవి కలిసి మూలుగును. ప్రతి స్వరమును తన వెంట కొన్ని సన్నని పైస్వరములను తెచ్చుకొనుటయే ఇందుకు కొంత కారణము. తంబురలో మంద్రపు తీగను మీటి చెవి యొగ్గినచో ఎవరును మీటని అంతర గాంధారము సన్నగ వినబడునని మీలో సంగీత మెఱిగినవారికి తెలియును. రెండు మంద్రస్వరములు ఇరుకున నున్నచో వాని వెంట వచ్చు ఈ పరివారములు ఒండొంటితో పోరాడును. దీనికి పరిహారము పైన చెప్పిన గొట్టము స్వభావమే చూపుచున్నది: క్రింద ఎడము, పైన ఇరుకు. కావున పాటను మాత్రము ఒక స్థాయి దించి, నడిమి స్వరములను దించక తగిన తావులకు సర్దితిని. గాంబాలు ఆగక తట్టు స్వరములను పలుచన చేసి, మెల్లగ ఊదుమని గుర్తు పెట్టితిని. లేనిచో పాట వాని క్రింద పడి నలిగిపోవును.

ఇక్కడ మఱియొక చిక్కు కలదు. పాట ఒక స్థాయి దిగుటచే అక్కడక్కడ అది అడుగు స్వరముకంటెను క్రిందికి పోవుచుండెను. అడుగున నుండు స్వరమే పైవాని కన్నిటికి అర్థము నిచ్చునది. ఇంటి పునాదిమీద గోడ నిలువవలెను గాని, గోడమీద పునాది నిలువదు. పై స్వరములు మాఱకున్నను అడుగున నున్నది మాఱినచో ఆ కూర్పు వేఱొక మాట పలుకును. అట్టి తావులందెల్ల ట్యూబాను ఇంకొక స్థాయి క్రిందికి దించితిని. ఎవరు ఎంత దిగినను వాని క్రింద ట్యూబావాడు ఉండవలెను. ఇది నేను తప్పని నియమము.

మూడవది నాలుకను గూర్చినది. కమానుతో చఱచఱ వాయించు స్వరములను ఊదువాడు నాలుకతో వేఱుపఱచవలెను. "తు, తు" అని పలుకుచు ఊదును. వేగము హెచ్చినచో "తుకు, తుకు" అని పలుకును. మృదంగ విద్వాంసుడు నోట "తక, తక" అని పలుకుటవంటిదే యిది. కాని పెద్ద గొట్టమున శబ్దము మేల్కొనుటకు కొంత ఆలస్యమగును. ట్రాంబోనునకు ఏడు స్థానములు గలవు; దాపున నున్న గొట్టమును ఒక్కొక్క స్థానము జరుపగా స్వరము అరమెట్టు చొప్పున దిగును. ప్రక్క ప్రక్కనున్న రెండు స్వరములు సహితము ఒక్కొక్కచో మొదటి స్థానమున నొకటి, ఏడవ స్థానమున నొకటి యుండును. అట్టి వానిని వేగమున మార్చి మార్చి వాయింపుమనుట చేయి పూర్తిగ చాచి ముడుచుచు పరుగెత్తు మనుటయే. అక్కడ స్వరములను తగ్గించి, ముఖ్యమైన వానిని నిలిపితిని. మొత్తము నడకను సహితము కొంచెము నెమ్మది చేసితిని.

ఇన్ని మార్చితిని గదా, మాఱనిదేమి? మొదటి భాగమున రెండు వయోలాలు ఒకే పాటను ఱెప్పపాటు ఎడముతో వెంబడించుకొనును. ఆ వెంబడించుట మాఱలేదు. అందుకే ఆ రెండు పాత్రలను ఒకే జాతి వాద్యములకు ఇచ్చితిని. గొంతులు వేఱైనచో అన్నదమ్ములు పరుగిడుచున్నట్లు తోచదు. పల్లవి వచ్చు తావులు మాఱలేదు. అడుగు స్వరము నడక మాఱలేదు. నష్టములు లేవని చెప్పను. తంత్రి యొరపిడిలోని మెత్తదనము పోయినది; హార్ప్సికార్డు తళుకు పోయినది. ఆర్గను పెద్దమనిషి చెప్పినదానిలో అంతవఱకు నిజము కలదు, నేను ఒప్పుకొంటిని.

రెండవ భాగము విలంబము. అక్కడ బాహ్ గాంబాలను మాన్పించి, వయోలాలు రెండే చెల్లో మొదలగు అడుగు స్వరముల తోడుతో పాడునట్లు వ్రాసెను. ఆ భాగమున ఒక తావున పాటను తెచ్చి ట్యూబా చేతిలో పెట్టితిని. తోడు స్వరములను పైకి జరిపి, మిక్కిలి మెల్లగ ఊదుమంటిని. కాగితము చూచి ముసలివాడు, "ఇది పొరపాటున నా కాగితములో పడినది, మొదటి ట్రాంబోనుది కావలెను" అని తిరిగి ఇయ్యబోయెను. పొరపాటు కాదంటిని. ఆయన ఆ బృందమున నలుబది యేండ్లకు పైగ వాయించినవాడు. అన్ని యేండ్లలో ఆయన కాగితమున "భుం, భుం" తప్ప వేఱొకటి యుండలేదు.

చలికాలపు సాయంకాల మొకనాడు దేవాలయమున దానిని వాయించితిమి. నేను మూడవ ట్రాంబోనువాడను. గాంబా పాత్ర నాది. పాట ట్యూబా చేతికి వచ్చినపుడు నేను నా వాద్యమును దించి వింటిని. ఆయన వేగిరపడలేదు. గుర్తించిన ప్రతి తావునను ఊపిరి తీసికొని, దున్నినవాడు చాలు చివర నాగలి మళ్లించినట్లు నెమ్మదిగ మళ్లించెను. ముందు వరుసలో ఆయన భార్య కూర్చుండియుండెను. అన్ని యేండ్లు ఆమె ప్రతి కచేరికిని వచ్చినది. నేడు ఆయన వాయించుచున్నది ఏదో, పక్కవారిని అడుగకయే ఆమెకు తెలిసెను. ముగిసిన తరువాత ముసలివాడు నన్ను పొగడలేదు. ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి, తన వాద్యము పెట్టెలో వైచుకొనెను.

అయ్యలారా, ఒక రచనను ఒక వాద్యమునుండి వేఱొక వాద్యమునకు మార్చువాడు స్వరములను మోయు కూలివాడు కాడు. రచనలో ఎవరికెవరు తోడో, ఎవరిమీద ఎవరు నిలిచిరో ఆ సంబంధమును చెడనీయక చేర్చవలెను. చేర్చునపుడు, క్రొత్తగ మోయువాని ఊపిరిని లెక్కించవలెను. ఈ రెండును గలచోట మార్పు అపచారము కాదు. ఇక మీ గ్రామమున బ్యాండు మేళము వచ్చినపుడు, ముందువానిని విన్న తరువాత, ఒక్క నిమిషము వెనుక వరుసవానిని కూడ చెవి యొగ్గి వినుడని మనవి.